ఎడమకాలి నేరం

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా, అది ఎందుకు పాడైందన్న ప్రశ్న తరవాత వస్తుంది. ఎవరు పాడుచేశారన్న ప్రశ్న ముందు వస్తుంది. ఆ మాటకొస్తే మీ ఇంట్లోనూ అంతేనేమో! గ్రైండరు ఆగిపోతే అందులో పప్పు ఎక్కువ పోసిందెవరు? గొడుగు పుల్ల విరిగితే నిన్న దాన్ని పట్టుకెళ్ళిందెవరు? ముద్దాయి దొరికేదాకా మాకు మనశ్శాంతి ఉండదు. దొరికాక, వస్తువు బాగుపడకపోయినా ఫరవాలేదు.

ఈ పద్ధతిలోనే మొన్న మా కారు విషయంలో నేనొక తీర్పు చెప్పాను. అది ఎంత తప్పుడు తీర్పో తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులూ, 13,550 రూపాయలూ ఖర్చయ్యాయి. రూపాయల సంగతి అల్లా ఉంచండి. తీర్పు సంగతి చెబుతాను.

మాది హైదర్‌గూడ. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. మా కారు 2012లో కొన్న చిన్న డీజిలు కారు. ఆ రోజుల్లో డీజిలు ధర ప్రభుత్వం అదుపులో ఉండేది. పెట్రోలుకీ దానికీ లీటరు దగ్గిర పాతిక రూపాయలకు పైగా తేడా. లెక్చరరు జీతం మీద కారు కొనేవాడు రంగు చూసి కొనడు, ఆ తేడా చూసి కొంటాడు. 2014 అక్టోబరులో ఆ అదుపు ఎత్తేశారు. పోగా పోగా ఆ తేడా కాస్తా తరిగిపోయింది. 2020 ఏప్రిలులో బి.ఎస్.6 నిబంధనలు అమలులోకి వచ్చేసరికి మారుతి కంపెనీ అసలు డీజిలు కార్లు చెయ్యడమే మానేసింది. మా కారు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. పిల్లదాని చదువు, మా అమ్మ ఆస్పత్రి, చుట్టాల పెళ్ళిళ్ళు అన్నీ దాంట్లోనే గడిచాయి. దాన్ని కారని మేమెవరమూ అనుకోం. ఇంట్లో మరో మనిషి అనుకుంటాం.

మా అమ్మాయి డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో డ్రైవింగు స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకుంది. ఆ పైన నెల్లాళ్ళపాటు పొద్దున్నే ఆరు గంటలకి నన్ను పక్కన కూచోబెట్టుకుని ఇందిరా పార్కు చుట్టుపక్కల కారు నడిపింది. బాగానే నడిపింది. కాని పక్క సీట్లో కూచున్న తండ్రికి ఏ కూతురు నడిపినా బాగున్నట్టు కనిపించదు. "క్లచ్చి! క్లచ్చి! బ్రేకు! అదుగో ఆవిడ!" అని నేను కేకలు వేస్తూనే ఉన్నాను. అది నవ్వుతూనే ఉంది. మా ఆవిడ కప్పు కాఫీ చేతికిచ్చి, "ఏమండీ, మీ కేకలు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలకి వినిపిస్తున్నాయిట" అంది కూడాను.

అల్లా ఉండగా ఒక ఆదివారం దోమలగూడలో గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాలయ్యాక అటునుంచి అటే విద్యానగర్‌లో మా మరదలి ఇంటికి బయల్దేరాం. నేనే నడుపుతున్నాను. ఇందిరా పార్కు దగ్గిరనుంచి వి.ఎస్.టి. దాకా 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన ఉంది చూశారూ, దానిమీదికి ఎక్కాం. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ దగ్గిర అది మెట్రో రైలు దారికి కూడా పైనుంచి పోతుంది. అంచేత ఎత్తు కాస్త గట్టిదే. మూడో గేరులో ఉన్నాను. ఆక్సిలరేటరు తొక్కాను. ఇంజను 'ఘూ' మని అరిచింది. కారు మాత్రం ముందుకు ఉరకలేదు సరికదా, నలభైలో ఉన్నది పాతికకి దిగింది. ఇంకా తొక్కాను. ఇంజను ఇంకా అరిచింది. కారు ఇంకా నెమ్మదించింది. సరిగ్గా అప్పుడే రబ్బరూ కాగితమూ కలిపి కాల్చినట్టు ఒక ఘాటైన వాసన కారంతా నిండిపోయింది. వెనకనుంచి హారన్లు.

ఎల్లాగో కాలు తేలిక చేసి, రెండో గేరులో చీమలా పాకించి వంతెన దాటించాను. పల్లంలో కారు తనంతట తనే దిగింది. విద్యానగర్ చేరేసరికి నా చొక్కా తడిసిపోయింది.

మా తోడల్లుడికి కార్ల గురించి తెలియనిది లేదు. సొంత కారు లేకపోవడం ఒక్కటే లోటు. వాసన చూసి, "క్లచ్చి జారిపోతోంది, అన్నయ్యగారూ!" అని తేల్చేశాడు. "ఇంత పాత బండిమీద డబ్బు పొయ్యకండి. లక్షన్నర వస్తే కళ్ళకద్దుకుని అమ్మెయ్యండి."

అమ్మడమనే మాట వినేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపం తోడల్లుడిమీద చూపడానికి వీల్లేదు. చూపడానికి వీలున్న మనిషి గుమ్మం దగ్గిర చెప్పులు విప్పుకుంటోంది.

"పన్నెండేళ్ళకి పైగా నేను నడిపితే ఏమీ కాలేదు. నెల్లాళ్ళు దీని చేతిలో పెట్టాను, క్లచ్చి కాస్తా తినేసింది!" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. పిన్నీ బాబాయీ వాళ్ళ పిల్లలూ అందరూ వింటున్నారు. అమ్మాయి ఒక్క మాట అనలేదు. వాళ్ళ పిన్ని పెట్టిన పకోడీలు ముట్టలేదు. మర్నాడు పొద్దున్న ఆరు గంటలకి నన్ను లేపలేదు. దాని దగ్గిరుండే రెండో తాళంచెవి దేవుడి అలమారు పక్కన మేకుకి వేలాడుతోంది. మా ఆవిడ ఆ తాళంచెవి వైపూ, నా వైపూ చూసి ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం ఎప్పుడూ మాట్లాడటం కన్నా ప్రమాదం.

చిక్కడపల్లి సందులో ఒక ఉస్తాదు ఉన్నాడు. అరవై దాటాయి. అంబాసిడర్లూ ఫియట్లూ రోడ్డుమీద తిరిగే రోజుల్లో పానా పట్టిన చెయ్యి. వేపచెట్టు కింద రేకుల షెడ్డు, ఇద్దరు శిష్యులు. కారు అక్కడికి నిదానంగా తీసుకెళ్ళాను. ఆయన బానెట్టు ఎత్తనైనా ఎత్తలేదు. నా పక్కన కూచుని, "హ్యాండ్‌బ్రేక్ గట్టిగ గుంజుండి సార్. బ్రేక్ తొక్కి పట్టుండి. మూడో గేర్ వెయ్యుండి. జర రేస్ ఇచ్చి క్లచ్ మెల్లగ వదులుండి" అన్నాడు. వదిలాను. ఇంజను హాయిగా ఆడుతూనే ఉంది.

"మంచి క్లచ్ అయితే ఇంజన్ గుప్పున బందయితది సార్. ఇది బంద్ కాలే. అంటే లోపల పట్టు లేదు. గేర్‌బాక్స్ దించాలె."

తరవాత అడిగాడు: "బండి ఎవరు నడుపుతరు సార్?"

"మా అమ్మాయి కొత్తగా నేర్చుకుంది లెండి" అన్నాను, గుమాస్తా ఫైలుమీద రాసినట్టు. ఆయన తల ఊపాడు. "ఇప్పినంక చూద్దాం" అన్నాడు.

క్లచ్చి అంటే ఏమిటో నాకు ఆ రోజుదాకా తెలియదు. కుర్చీ వేయించి ఉస్తాదు చెప్పిన పాఠం విన్నాక, అది నేను ఇన్నేళ్ళుగా క్లాసులో చెప్పే సంధి ప్రకరణమేనని తెలిసింది. ఇటు ఇంజను, అటు గేరుబాక్సు. ఇంజను చివర ఫ్లైవీలని ఒక బరువైన ఉక్కు చక్రం ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. దాని ఎదట ప్రెషరు ప్లేటు. ఈ రెంటి మధ్యా క్లచ్చి ప్లేటు. రెండు అరచేతుల మధ్య రూపాయిబిళ్ళ పెట్టి నొక్కినట్టు, గట్టి స్ప్రింగు ఒకటి ఆ మూడింటినీ కలిపి అదిమి పట్టుకుంటుంది. అప్పుడు ఇంజను తిరుగుడు చక్రాలకి అందుతుంది. అదీ సంధి. మనం పెడలు తొక్కితే ఒక బేరింగు ముందుకి జరిగి స్ప్రింగును నొక్కుతుంది, పట్టు విడిపోతుంది, గేరు మార్చుకుంటాం. అది విసంధి. కాలు తీసేస్తే మళ్ళీ సంధి.

మధ్య ప్లేటుకి రెండువైపులా పట్టుకోసం గరుకైన లైనింగు ఉంటుంది. పూర్వం ఆ లైనింగులో ఆస్బెస్టాసు కలిపేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మహా చేటని తెలిశాక వేరే సరుకు వాడకంలోకి వచ్చింది. అయినా ఉస్తాదు శిష్యులు ఆ దుమ్ముని నోటితో ఊదరు, తడిగుడ్డతో తుడుస్తారు. లైనింగు వాడగా వాడగా అరుగుతుంది. మరీ అరిగితే స్ప్రింగు పట్టు సడలుతుంది. ఇంజను తిరిగినంతా చక్రం తిరగదు. బరువు పడ్డప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేరులో ఈ గుట్టు బయటపడుతుంది. డీజిలు ఇంజనుకి తక్కువ వేగంలోనే లాగుడు ఎక్కువ, అంచేత అలిసిన క్లచ్చిని అది తొందరగా పట్టిస్తుంది. సంధి జరగనిచోట యడాగమం వచ్చినట్టు, వంతెనమీద మాకు కాలిన వాసన వచ్చింది!

రెండోనాడు నాకు మధ్యాహ్నం దాకా క్లాసులు లేవు. వెళ్ళి కూచున్నాను. బ్యాటరీ తీశారు. గేరు ఆయిలు దింపారు. ముందు చక్రాలనుంచి డ్రైవ్ షాఫ్టులు లాగారు. గేరుబాక్సు కింద జాకీ పెట్టి బోల్టులన్నీ విప్పి, ముగ్గురూ కలిసి పసిపిల్లని ఉయ్యాల్లోంచి దించినట్టు దించారు. అసలు పని ఇదే. లోపల మార్చే సామాను నిమిషాల పని. దాన్ని చేరడానికే పూటంతా పడుతుంది. అందుకే ప్లేటు ఒక్కటే మార్చి ఊరుకోకూడదట. ప్లేటు, ప్రెషరు ప్లేటు, బేరింగు మూడూ సెట్టుగా మార్చాలి. మిగిల్చిన పాత బేరింగు ఆరునెలల్లో పోతే మళ్ళీ గేరుబాక్సు దించాలి, మళ్ళీ అదే కూలి ఇవ్వాలి. విప్పి ఉన్నప్పుడే ఇంజను వెనక ఆయిలు సీలు కూడా చూసుకోవాలి. అది కారితే కొత్త లైనింగు కూడా నూనెతో జారిపోతుంది.

ఉస్తాదు ప్లేటు తీసి చూపించాడు. లైనింగు రివెట్ల దాకా అరిగిపోయింది. ఇంకొన్నాళ్ళు అల్లాగే నడిపితే రివెట్లు ఫ్లైవీలుని గీరేసేవట. ఫ్లైవీలుమీద వేడికి పడ్డ నీలం మచ్చలున్నాయి. తరవాత పాత బేరింగు నా చేతిలో పెట్టి తిప్పమన్నాడు. గరగరమంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ఏడాదిగా పెడలు తొక్కినప్పుడల్లా వినిపిస్తూనే ఉంది. నేను రేడియో పెంచేవాణ్ణి.

అప్పుడు ఆయన ప్రెషరు ప్లేటు వెలుతురులోకి తిప్పాడు. దాని మధ్యలో వేళ్ళలాగా లోపలికి తిరిగిన ఉక్కు రెక్కలున్నాయి. బేరింగు వచ్చి నొక్కేది వాటినే. ఆ రెక్కల కొసలన్నిటిమీదా గుండ్రంగా, అద్దంలా మెరుస్తూ ఒక లోతైన గాడి పడి ఉంది.

"ఇది చూసిన్రా సార్? ఇది నెల పని కాదు. ఏండ్ల పని. కొత్తగ నేర్చుకునేటోళ్ళు గూడ ప్లేట్ కొంచెం తింటరు, కాదనను. గాని ఈ గీత పడాల్నంటే, తొక్కే పని లేకున్నా ఎడమకాలు పెడల్ మీద పెట్టి నడపాలె. కాలి బరువుకే బేరింగ్ ఎప్పుడూ రాసుకుంట ఉంటది. పట్టు సగం, విడుపు సగం. ప్లేట్ అరిగిపోతనే ఉంటది."

నేనేమీ అనలేదు. ఆయన గొంతు తగ్గించి, "బుర మానకుండి సార్. నిన్న మీరు బండి లోపలికి తెచ్చి ఆపినంక గూడ మీ కాలు దానిమీదనే ఉన్నది" అన్నాడు.

శిష్యుడు తెచ్చిచ్చిన చాయ్ నా చేతిలో చల్లారిపోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ కాలు అక్కడికి ఎప్పుడు చేరిందో నాకు తెలుసు. కారు కొన్న మొదటి నెలలో నారాయణగూడ ఫ్లైఓవరు ఎత్తులో ఆగాల్సి వచ్చింది. మళ్ళీ కదలబోతే కారు వెనక్కి జారి ఒక ఆటో దీపం పగిలింది. ఆ ఆటోవాడు నడిరోడ్డుమీద నాకు చేసిన సన్మానం మరిచిపోలేనిది. అప్పుడు నాకు కారూ కొత్తే, భయమూ కొత్తే. కారు పాతబడింది. భయం పాతబడలేదు. ఆనాటినుంచి ఎడమకాలు పెడలుమీదనే. క్రాస్ రోడ్స్ సిగ్నలు దగ్గిర ఎర్రదీపం ఉన్నంతసేపూ మొదటి గేరు వేసి, క్లచ్చి సగం వదిలి, కారుని ముందుకీ వెనక్కీ ఊపుతూ నిలబెట్టేవాణ్ణి. పచ్చదీపం పడకముందే వెనకవాడు హారను కొడతాడు కదా, వాడికి కోపం రాకూడదని! ముక్కూ మొహం తెలియని ఆ వెనకవాడికోసం 1,68,000 కిలోమీటర్లు క్లచ్చి అరగదీశాను. నిత్యంగా జరగవలసిన సంధిని వైకల్పికం చేసి కూచున్నాను.

ఆ నేరం నెల్లాళ్ళు నడిపిన పిల్లమీద పెట్టాను. నిజానికి ఆ నెలరోజుల్లోనూ అది ఒకటికి రెండుసార్లు, "నాన్నగారూ, ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసెయ్యాలిట. మా డ్రైవింగు స్కూల్లో చెప్పారు" అంది. "స్కూలువాళ్ళకేం తెలుసు, నన్ను చూసి నేర్చుకో" అన్నాను. నన్ను చూసి నేర్చుకోకపోవడమే మంచిదయింది.

మూడోరోజు రాణీగంజ్‌నుంచి కొత్త సెట్టు వచ్చింది. ఫ్లైవీలు లేతుమీద సాపు చేయించారు. ఆ మూడు రోజులూ నారాయణగూడ స్టేషన్లో మెట్రో ఎక్కి కాలేజీకి వెళ్ళాను. ఎడమకాలికి పని లేక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగోరోజు సాయంత్రానికి కారు సిద్ధం. సెట్టు 7,200, ఫ్లైవీలు సాపుకి 800, గేరు ఆయిలు 700, ఆయిలు సీలు 350, కూలి 4,500. తోడల్లుడు అమ్మెయ్యమన్న బండిని ఈ డబ్బుతో ఇంకొన్నేళ్ళు ఉంచుకోవచ్చు. 2027లో పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు ఫిట్నెసు చూపించి రిజిస్ట్రేషను మరో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. లెక్కలో తేడా ఏమీ లేదు. తేడా అంతా వేరేచోట ఉంది.

డబ్బిచ్చి, "పాత ప్లేటు నాకివ్వండి" అన్నాను.

"పాత ఇనుముల అమ్మితే ఎంతొస్తది సార్?"

"అమ్మడానికి కాదు లెండి."

ఆయనకి అర్థమయిందనుకుంటాను. ప్లేటూ, గాడిపడ్డ ప్రెషరు ప్లేటూ రెండూ తుడిచి, పేపరులో చుట్టి ఇచ్చాడు. ఇచ్చేముందు మూడు మాటలు చెప్పాడు. "ఆగితే న్యూట్రల్. చడావ్ మీద హ్యాండ్‌బ్రేక్. గేర్ మార్చినంక కాలు కింద." ఎం.ఏ.లో నేను కంఠతా పట్టిన వాటిలో ఇంత క్లుప్తమైన సూత్రం ఇంకోటి లేదు.

ఇంటికొచ్చి భోజనాల బల్లమీద పొట్లాం విప్పాను. "ఈ ఇనప సామాను బల్లమీదికెందుకండీ!" అంటూ మా ఆవిడ వచ్చింది. అమ్మాయిని పిలిచాను. వచ్చి దూరంగా నిలబడింది. ఆ గాడి చూపించాను. ఉస్తాదు చెప్పినదంతా ఒక్క అక్షరం దాచుకోకుండా చెప్పాను. చివరికి, "ఇది నీ తప్పు కాదమ్మా. నా తప్పు. నిన్ను అనకూడని మాటలన్నాను" అన్నాను.

ఈ మాట అనడం సులువనుకునేరు! క్లాసులో అరవైమంది ఎదట గంటసేపు మాట్లాడే నోరు అప్పుడు ఎండిపోయింది.

అమ్మాయి గాడిమీద వేలు పెట్టి చూసింది. "బాబాయి ముందర అన్నారు, నాన్నగారూ" అంది, అంతే.

న్యాయమే. తిట్టు నలుగురిలోనూ, క్షమాపణ నాలుగ్గోడల మధ్యా అయితే అది క్షమాపణ ఎల్లా అవుతుంది? మేకునున్న తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాను. "పద, విద్యానగర్ పోదాం. నువ్వే నడుపు. ఉక్కు వంతెనమీదనుంచే పోదాం" అన్నాను. మా ఆవిడ అప్పటికే చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇందిరా పార్కు దగ్గిర వంతెన ఎక్కాం. ముందు రెండు బస్సులు. ఎత్తు మధ్యలో అన్నీ ఆగిపోయాయి. వెనక వరసగా దీపాలు. నా గుండె నారాయణగూడ ఫ్లైఓవరుమీదికి వెళ్ళిపోయింది. అమ్మాయి హ్యాండ్‌బ్రేకు లాగింది. న్యూట్రల్ చేసింది. కాలు తీసి కింద పెట్టింది. వెనకవాడు హారను కొట్టాడు. అది అద్దంలో వాడివైపు చూసి ఊరుకుంది. ముందు బస్సు కదిలాక గేరు వేసి, క్లచ్చి వదులుతూ, బండి లాగడం మొదలెట్టాక హ్యాండ్‌బ్రేకు దింపింది. కారు ఒక్క అంగుళం వెనక్కి జారలేదు. మూడో గేరులో, ఏ వాసనా లేకుండా, మెట్రో దారి పైనుంచి దాటిపోయింది.

నేను ఊపిరి వదిలాను. అమ్మాయి రోడ్డుమీదనుంచి చూపు తిప్పకుండా, "నాన్నగారూ!" అంది.

"ఏమ్మా?"

"మీ కాలు."

కిందికి చూసుకున్నాను. పక్క సీట్లో పెడలు లేదు. అయినా నా ఎడమకాలు, బూటుతో సహా, కింద పట్టాని గట్టిగా తొక్కిపట్టి ఉంది.

తీశాను.